తొమ్మిదో పాయింటు

1983 అక్టోబరు పదో తేదీ, సోమవారం. ఆ సాయంత్రం భోజనం ఉల్లిపాయలతో వేయించిన గొర్రె కార్జం, మెదిపిన బంగాళాదుంపలు, ఉడకబెట్టిన క్యాబేజీ. ఈనిడ్ కాటర్‌మోల్‌కు అది ఇంత కచ్చితంగా గుర్తుండిపోవడానికి కారణం రాయిస్ ప్రూయిట్. నాలుగేళ్ళుగా ఆమె ఇంట్లో ఉంటున్న ఈ అమెరికా అబ్బాయి కార్జం తినడు. తిననని చెప్పడు కూడా. బంగాళాదుంపలు ముందు తినేసి, కార్జాన్ని క్యాబేజీ ఆకుల కింద పడుకోబెట్టి, "చాలా బాగుందండీ" అని లేచిపోయేవాడు. ఆమె దాన్ని పక్కింటి కుక్కకు వేసేది. ఆ కుక్క సోమవారం వచ్చిందంటే గోడ దగ్గర కాచుకుని కూర్చునేది. ఈ ఏర్పాటు గురించి ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ నోరెత్తలేదు.

ఆ సోమవారం రాయిస్ కార్జమంతా తిని, ఇంకాస్త ఉందా అని అడిగాడు.

"ఏమైంది నీకు?" అంది ఈనిడ్.

"ఏమీ కాలేదే."

"మారు వడ్డించమన్నావు."

"బాగుంది కదా మరి."

"అది కార్జం, అబ్బాయ్."

రాయిస్ ఖాళీ కంచంలోకి చూసుకున్నాడు. ఫోర్కు నెమ్మదిగా పక్కన పెట్టాడు. "పొద్దున డడ్లీ ఫోన్ చేశాడండీ," అన్నాడు.

డడ్లీ ఫ్రియర్ వెల్బరీ హెరాన్స్ జట్టు యజమాని. ప్రతి గురువారం చక్కెర ఫ్యాక్టరీ వెనక ఉన్న ఎర్రమట్టి బాట మీద మోటారు సైకిళ్ళ పందేలు పెట్టిస్తాడు. ఒక్కో పందెంలో నలుగురు, జట్టుకు ఇద్దరు చొప్పున. నాలుగు చుట్లు, నిమిషం పాతిక సెకన్లు. బండికి బ్రేకులుండవు. మలుపులో బండిని అడ్డంగా జార్చి, ఎడమ కాలి బూటుకు తొడిగిన ఇనప అట్టను నేలకు ఆనించి తిరగాలి. మొదట వచ్చినవాడికి మూడు పాయింట్లు, తర్వాతివాడికి రెండు, ఆ తర్వాత ఒకటి, చివరివాడికి సున్న. ఊరు ఊరంతా చెవి వెనక పెన్సిలు దోపుకుని వచ్చి, ప్రోగ్రాం పుస్తకంలోని గళ్ళలో ఈ మూళ్ళూ సున్నలూ రాసుకుంటుంది. వెల్బరీలో రాత పరీక్ష తప్పిన పిల్లలుంటారు గాని స్పీడ్‌వే సగటు, అంటే నాలుగు పందేలకు ఎన్ని పాయింట్లో, కట్టలేని పిల్లలుండరు.

రాయిస్ పుట్టిన కాలిఫోర్నియాలో ఎవడి పందెం వాడిది. ఇక్కడికొచ్చాకే జట్టులో ఏడోవంతుగా బతకడం నేర్చుకున్నాడు. ఆరేళ్ళలో మూడు ఊళ్ళు మారాడు. మొదటి రెండు ఊళ్ళలో క్లబ్బులు అతనికి గది ఇచ్చాయి. మూడో క్లబ్బు ఈనిడ్‌ను ఇచ్చింది.

"వచ్చే ఏడాదికి హద్దు తేల్చారట," అన్నాడు. "ఏడుగురి సగటులూ కలిపి నలభై ఏడు దాటకూడదట. ఏ జట్టూ మరీ బలిసిపోకూడదని."

"తెలుసు. రేడియోలో చెప్పారు. మనవాళ్ళు ఆరుగురివీ కలిపితే ముప్పై ఎనిమిది. నీకు మిగిలేది తొమ్మిది."

"నాది తొమ్మిదేగా?"

"తొమ్మిది పైన సున్నా రెండు."

"ఆ సున్నా రెండుకే పొమ్మంటారా?"

"సున్నా ఒకటికైనా పొమ్మంటారు. ముప్పై ఎనిమిదిలో ఇటూ అటూ సర్దే వీల్లేదు, డడ్లీ ఇప్పటికే అందరి చేతా సంతకాలు పెట్టించేశాడు."

రాయిస్ కుర్చీ వెనక్కి వాల్చాడు. "అంటే ఏడాదంతా ఒళ్ళు హూనం చేసుకుని బాగా తోలినందుకు నాకిచ్చే బహుమానం ఊళ్ళోంచి వెళ్ళగొట్టడమా? చెత్తగా తోలినవాడు హాయిగా ఉంటాడా? ఇదెక్కడి న్యాయమండీ?"

"న్యాయం సంగతి నన్నడక్కు. నాకు తెలిసింది లెక్క."

బల్ల తుడిచి, ఆ ఏడాది ప్రోగ్రాం పుస్తకాలన్నీ తెచ్చి పేర్చింది. బడి వంటశాలలో ఇరవై రెండేళ్ళు నాలుగువందల మంది పిల్లలకు కస్టర్డ్ లెక్కకట్టిన మనిషి ఆమె. ఎప్పుడూ ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. పెన్సిలు మొన నాలుకకు అద్దుకుని కూడికలు వేసింది. గురువారం ఆఖరి మ్యాచి. రాయిస్‌కు నాలుగు పందేలు. వాటిలో ఎనిమిది పాయింట్లు తెచ్చుకుంటే సగటు సరిగ్గా తొమ్మిది. తొమ్మిది తెచ్చుకుంటే హద్దు దాటినట్టే. ఆమె కాగితం మీద ఎనిమిది అంకె వేసి, చుట్టూ సున్న చుట్టింది. ఆ సున్న ఒకసారి చుట్టి ఊరుకోకుండా మూడుసార్లు చుట్టిందని తర్వాత గమనించి, కాగితం తిరగేసి పెట్టింది.

"ఎనిమిదైతే ఉంటావు. తొమ్మిదైతే పోతావు."

"అయితే ఓడిపోతే సరి."

"ఏమన్నావు?"

"ఏమీ అనలేదండీ."

"చూడబ్బాయ్, పందెంలో కావాలని పట్టు సడలించినవాడికి ఈ ఇంట్లో కార్జం కూడా వండను, చెబుతున్నా."

"అయితే తప్పకుండా సడలిస్తానండీ," అన్నాడు రాయిస్. ఈనిడ్ చేతి గుడ్డ విసిరింది. అది అతని చెవి మీంచి పోయి, పొయ్యి మీద జిడ్డులో బండి చెయిన్ మరుగుతున్న పాత జాం గిన్నె మీద పడింది. ఆ గిన్నె అక్కడికి ఎలా వచ్చి చేరిందో ఆమెకే తెలియదు. మొదటి ఏడాది పెరట్లో మరిగించేవాడు. రెండో ఏడాది వాన అన్నాడు.

మర్నాడు చేపల కొట్టు దగ్గర వరసలో నిలబడితే ముందున్న ఆరుగురూ వెనక్కి తిరిగారు.

"ఎనిమిదేగా, ఈనిడ్ గారూ?" అన్నాడు కొట్టు యజమాని ఓరిన్ పాస్క్, కాడ్ చేప తోక కోస్తూ.

"ఎనిమిదే."

"ఒక గెలుపు, రెండు రెండో స్థానాలు, ఒక మూడో స్థానం. ఎవరికీ అనుమానం రాదు."

"దేనికి అనుమానం? ఆ అబ్బాయి తోలగలిగినంతా తోలతాడు."

"తోలాలి మరి! తోలొద్దని ఎవరన్నారు?" ఓరిన్ వరసంతటినీ సాక్ష్యం అడిగాడు. వరసలో ఎవరూ తోలొద్దనలేదు. పాస్టరు గారు మాత్రం టోపీ సర్దుకుని, "ఓడిపోవాలని ప్రార్థించడం తప్పే," అన్నారు. "మూడో స్థానం అడగడంలో దోషం లేదనుకుంటా. వినయం కిందికి వస్తుంది."

ఈనిడ్ రెండు ముక్కలు కట్టించుకుంది. ఓరిన్ మూడో ముక్క కూడా పొట్లంలో వేసి, "అబ్బాయికి," అన్నాడు. "బరువుగా తిని పడుకుంటే చురుకు తగ్గుతుంది."

బుధవారం సాయంత్రం డడ్లీ ఫ్రియర్ స్వయంగా వచ్చాడు. కోటు విప్పకుండా కూర్చుని, నాలుగు ముక్కలు కేకు తిని, వాతావరణం గురించి, చక్కెర ఫ్యాక్టరీ కంపు గురించి మాట్లాడాడు. అయిదో ముక్క అందుకుంటూ అన్నాడు, "నేనేమీ అనడం లేదు, ఈనిడ్ గారూ."

"మంచిది."

"అనకూడదు కూడా. అంటే నా లైసెన్సు పోతుంది."

"అందుకే అనొద్దు."

పెరటి గదిలో రాయిస్ నేల మీద పాత దుప్పటి పరిచి క్లచ్ విప్పుకుంటున్నాడు. దాని పళ్ళాలు ఒక్కొక్కటే తీసి, గాజు ముక్క మీద ఆనించి, వంపు తిరిగిందేమో ఒక కన్ను మూసి చూస్తున్నాడు. డడ్లీ గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకు జలుబు చేసినట్టుందే," అన్నాడు.

"లేదండీ."

"గొంతు బొంగురుగా ఉంది."

"ఇప్పటిదాకా నేను మాట్లాడలేదు కదండీ."

"అదే. నీరసం." డడ్లీ గది చుట్టూ కలియజూశాడు. నాలుగేళ్ళ కిందట బట్టలుతుక్కునే గది. ఇప్పుడు గోడల నిండా మేకులు, మేకులకు స్పానర్లు, కిటికీలో రాయిస్ పెంచుతున్న మిరప మొక్కలు. ఇంగ్లండు ఎండకు అవి నాలుగేళ్ళలో ఏడు కాయలు కాశాయి. "నేను చెప్పేదేమిటంటే, రాయిస్, నేనేమీ చెప్పడం లేదు."

"అర్థమైందండీ."

"ఏం అర్థమైంది?" డడ్లీ బెదిరిపోయాడు.

"ఏమీ అర్థం కాలేదండీ."

"ఆఁ, అదీ మాట," అని డడ్లీ ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఈనిడ్ టీ కప్పుతో వచ్చింది. రాయిస్ క్లచ్ పళ్ళెం పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "రేపు మెల్లగా తోలదామనే అనుకుంటున్నానండీ," అన్నాడు. "తల అనుకుంటోంది. కానీ స్టార్టు దగ్గర అడ్డంగా కట్టిన టేపు పైకి లేచిందంటే చేతులు నా మాట వినవు. వాటికి లెక్కలు రావు."

"టీ తాగు," అంది ఈనిడ్. దీపం ఉన్న వైపు కాకుండా మిరప మొక్కల వైపు తిరిగి, వాటికి అక్కర్లేని నీళ్ళు పోసింది.

గురువారం వచ్చినవాళ్ళు ఉత్తరాది హార్డ్‌కాసిల్ రేవెన్స్. నల్లకాకి బొమ్మ, పసుపు అంచు. వెల్బరీకి వాళ్ళంటే పడదు. ఎప్పటినుంచో, ఎందుకో ఎవరికీ గుర్తు లేదు గాని శ్రద్ధగా పాటిస్తారు. ఈనిడ్ ఎప్పుడూ నిలబడే చోటే, మొదటి మలుపు చెక్క కంచె వెనక నిలబడింది. అక్కడ ప్రతి పందెంలోనూ ఎర్రమట్టి ఎగిరి నెత్తిన పడుతుంది. అలవాటైనవాళ్ళు టీ కప్పు మీద ప్రోగ్రాం మూతపెట్టుకుంటారు.

రాయిస్ తన మొదటి పందెం గెలిచాడు. టేపు లేవడమే ఆలస్యం, వాడి చేతులు వాడి మాట వినలేదని ఈనిడ్‌కు కంచె వెనకనుంచే తెలిసిపోయింది. జనం చప్పట్లు కొట్టారు, సంతాప సభలో కొట్టినట్టు. మూడు.

రెండో పందెంలో మూడో చుట్టులో బండి దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. రాయిస్ దిగి బండిని తోసుకుంటూ గడ్డిలోకి వెళ్ళాడు. వెల్బరీ ఊరంతా లేచి నిలబడి కేకలు వేసింది. టోపీలు ఎగిరాయి. ఎదర గేలరీలో ఉన్న హార్డ్‌కాసిల్ జనం సొంతవాడి బండి చెడిపోతే పండగ చేసుకునే ఈ ఊరేమిటో బోధపడక, గౌరవంగా నిశ్శబ్దమైపోయారు. సున్న.

మూడో పందెంలో మళ్ళీ గెలిచాడు. మూడు. మొత్తం ఆరు.

"ఇంకో రెండు తెచ్చుకోవచ్చు," అంది ఈనిడ్ పక్కనున్న ఓరిన్ పాస్క్‌తో. "రెండో స్థానం."

"ఆ మాట చేతులకు ఎవరు చెబుతారు?" అన్నాడు ఓరిన్.

ఆఖరి పందానికి లెక్క ఇలా ఉంది: రేవెన్స్ ముప్పై ఏడు, హెరాన్స్ ముప్పై అయిదు. వెల్బరీ జోడీ మొదటి రెండు స్థానాలూ తెస్తేనే మ్యాచి దక్కుతుంది. జోడీలో ఒకడు రాయిస్. రెండోవాడు టెర్రీ స్కీల్స్. వయసు ముప్పై అయిదు. తెల్లవారుజామున ఊళ్ళో ఇంటింటికీ పాలు పోసి, సాయంత్రం హెరాన్స్‌కు తోలతాడు. ఆ ఏడాది ఒక్క పందెం గెలవలేదు. కిందటేడాది ఒకటి గెలిచాడు, అదీ మిగతా ముగ్గురూ పడిపోయారు గనక.

టేపు లేచింది. రాయిస్ అడుగు ముందున్నాడు. వింత ఏమిటంటే టెర్రీ కూడా ముందే ఉన్నాడు. లోపలి అంచు పట్టుకుని, పాలబండి మలుపు తిప్పినంత జాగ్రత్తగా తిప్పాడు. కాకులిద్దరూ వెనకబడ్డారు. ఒక చుట్టు. రెండు చుట్లు. మొదట రాయిస్, వెనక టెర్రీ.

అప్పుడు ఎవరో అరిచారు. "టెర్రీని వదలరా!"

ఆ మాట కంచె పొడుగునా నిప్పులా పాకింది. అవును! టెర్రీ ముందు వస్తే టెర్రీకి మూడు, రాయిస్‌కు రెండు. మ్యాచీ దక్కుతుంది, ఎనిమిదీ దక్కుతుంది. ఎవరూ ఓడిపోనక్కర్లేదు, ఎవరూ తప్పు చెయ్యనక్కర్లేదు. తన జోడీవాడిని ముందుకు పంపడం తప్పెలా అవుతుంది? "టెర్రీని వదలు! టెర్రీని వదలు!" మూడువేల గొంతులు. పాస్టరు గారి గొంతు స్పష్టంగా వినబడింది. ఈనిడ్ ప్రోగ్రాం చుట్టచుట్టి కంచె మీద బాదుతూ, "వదలరా నాయనా!" అని అరుస్తోంది.

ఇంజన్ల హోరులో రాయిస్‌కు ఏ మాటా వినబడి ఉండదు. తనంతట తనకే తట్టింది. ఆఖరి మలుపులో వెనక్కి తిరిగి చూసి, బండిని కాస్త బయటికి పోనిచ్చి, ఎడమ చెయ్యి తీసి, తలుపు తీసి పట్టుకున్న పెద్దమనిషిలా ముందుకు దారి చూపించాడు. టెర్రీ నమ్మలేదు. రాయిస్ మళ్ళీ చెయ్యి ఊపాడు. టెర్రీ లోపలినుంచి దూరి, గీత దాటి, బండి ఆపడం మరిచిపోయి ఇంకో చుట్టు తిరిగాడు.

వెల్బరీలో అలాంటి సంబరం యుద్ధం అయిపోయిన రోజు తర్వాత జరగలేదంటారు. ఓరిన్ పాస్క్ ఈనిడ్‌ను కౌగిలించుకున్నాడు, చేపల వాసనతో సహా. డడ్లీ ఫ్రియర్ పరాయివాళ్ళకు చేతులు కలుపుతున్నాడు. మైకులో మనిషి ఏం చెబుతున్నాడో ఎవరికీ అక్కర్లేదు.

తర్వాత, అలవాటు ప్రకారం, అందరూ పెన్సిళ్ళు తీశారు.

ఈనిడ్ టెర్రీ గడిలో మూడు వేసింది. రాయిస్ గడిలో రెండు వేసింది. ఆపైన ఆమె చెయ్యి ముప్పై ఏళ్ళ అలవాటుగా ఆ రెండు నెత్తిమీద ఒక చిన్న గీత గీసింది. గీసింది చెయ్యే. తల తర్వాత తెలుసుకుంది.

తన జోడీవాడి వెనకే గీత దాటినవాడికి ఒక పాయింటు అదనం. సాటివాడితో పోట్లాడకుండా కాచుకుని వచ్చాడన్న మెప్పుకోలు అది. జట్టు మొత్తంలో అది కలవదు. అతని సగటులో కలుస్తుంది. ఊళ్ళో ఈ సంగతి ఉగ్గుపాలతో ఎరగనివాళ్ళు లేరు. ఆ రెండు నిమిషాలు మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆమె తలెత్తింది. కంచె పొడుగునా తలలు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి. గెంతుతున్నవాళ్ళు గెంతుతూనే పుస్తకంలోకి చూసి, గెంతడం మానేస్తున్నారు. నిశ్శబ్దం మొదటి మలుపునుంచి రెండో మలుపుకు, అక్కడినుంచి గేలరీలోకి పాకింది. మూడువేల మంది ఒకేసారి తొమ్మిది రాసుకున్నారు.

"గెలిచినా తొమ్మిదే," అన్నాడు ఓరిన్ నెమ్మదిగా. "వదిలినా తొమ్మిదే."

"ఓడితేనే ఎనిమిది," అంది ఈనిడ్. "వాడు ఓడడు."

బళ్ళు పెట్టే చోటికి ఆమె వెళ్ళేసరికి రాయిస్ మొహం నిండా ఎర్రమట్టి, కళ్ళద్దాల మేర మాత్రం తెల్లగా, గుడ్లగూబలా నవ్వుతున్నాడు. "ఎనిమిది! చూశారా? మీ లెక్క ప్రకారం సరిగ్గా ఎనిమిది!"

ఆమె పుస్తకం అందించింది. అతను చూశాడు. "ఈ గీత ఏమిటి?"

"నాలుగేళ్ళుగా వేస్తున్నా."

"పెన్సిలు జారిందనుకునేవాణ్ణి."

ఆమె చెప్పింది. అతను నవ్వు ఎక్కడ దించాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉంచుకున్నాడు. వెనకనుంచి పూలదండ మెళ్ళో వేసుకుని ఉన్న టెర్రీ అంతా విన్నాడు. దండ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నా జన్మకో నిజమైన గెలుపు," అన్నాడు. "అది నీ మెడకు ఉరి అయిందా, తమ్ముడూ?"

"నోరు మూసుకుని ఆ దండ వేసుకో," అన్నాడు రాయిస్. "బాగా తోలావు. నిన్ను నేను వదలకపోయినా దూసుకుపోయేవాడివే."

అది అబద్ధమని ముగ్గురికీ తెలుసు. టెర్రీ దండ వేసుకున్నాడు.

రేవెన్స్ మేనేజరు క్లెగ్ ఇంతలోనే వచ్చాడు. పొట్టి మనిషి, చేతిలో కాగితం. "మా దగ్గర తొమ్మిదిన్నరకు చోటుంది, ప్రూయిట్," అన్నాడు. చంకలో ఉన్న నల్లకాకి బట్ట తీసి రాయిస్ భుజం మీద వేశాడు. ఛాతీకి, వీపుకి కట్టుకునే జట్టు బట్ట అది, ఇందాక ఎవడో దానితోనే మట్టిలో దొర్లాడు. "కొలత చూసుకో. గదీ అదీ మేమే చూస్తాం. గొర్రె పేగులమ్మే కొట్టు మీద మంచి గది ఉంది."

ఈనిడ్ ఆ బట్ట మీద మట్టి వంక చూసింది.

శుక్రవారం తెల్లవారేసరికి గుమ్మంలో రోజూ పెట్టే ఒక్క సీసాకు బదులు ఆరు సీసాల పాలు, రెండు గిన్నెల మీగడ, టెర్రీ స్కీల్స్ కూడా ఉన్నారు.

"ఈనిడక్కా, నేను మానేస్తే? నా అయిదున్నర పోతే వాడికి చోటొస్తుందిగా?"

"నీ బదులు ఎవణ్ణో పెట్టాలి. వాడి సగటు నీకంటే ఎక్కువే ఉంటుంది. ఈ దేశంలో నీకంటే తక్కువవాడు లేడు టెర్రీ."

"అదీ నిజమే," అని టెర్రీ ఊరట పొందినట్టు వెళ్ళాడు.

రాయిస్ మధ్యాహ్నం డడ్లీ ఎదుట రేవెన్స్‌కు మారే కాగితాల మీద సంతకం పెట్టి వచ్చాడు. పందేలు లేకపోతే అతను చేసేది ఇంకేముంది? పెరటి గదిలో గోడ మీది స్పానర్లు తీసి పెట్టెలో పేరుస్తున్నాడు. ఈనిడ్ గుమ్మంలో నిలబడి బంగాళాదుంపలు చెక్కుతోంది. వంటింట్లో చెక్కుకోవచ్చు. వెలుతురు లేదంది.

"అక్కడ చిప్స్ మీద గ్రేవీ పోస్తారట," అంది.

"తిన్నానండీ. పర్వాలేదు."

"పర్వాలేదా!" ఒక బంగాళాదుంప సగానికి సగం చెక్కేసింది. "అంత దూరంలో జబ్బు చేస్తే చూసేవాళ్ళుండరు. ఆరు గంటల ప్రయాణం."

"ఆరు గంటలేమిటండీ?"

"హార్డ్‌కాసిల్. అభిమానుల బస్సులో ఎన్నిసార్లు వెళ్ళలేదు? పొద్దున పదింటికి ఎక్కితే సాయంత్రం నాలుగు."

రాయిస్ స్పానరు పట్టుకునే లేచాడు. "ఆ బస్సు ఎన్ని చోట్ల ఆగుతుంది?"

"ఎక్కువేం కాదు. బీరుకు మూడుసార్లు. తాగిన ఆ బీరు దింపుకోవడానికి మూడుసార్లు. భోజనానికి ఒకసారి."

"నా వ్యానులో రెండున్నర గంటలు, ఈనిడమ్మా."

ఆమె చాకు ఆగింది. "రెండున్నరా?"

"మా ఊళ్ళో మా అమ్మ పన్ను పీకించుకోవడానికి అంత దూరం వెళ్తుంది. వారానికి రెండుసార్లు నేను వెళ్ళిరాలేనా?"

"మరైతే ఈ మేకులన్నీ ఎందుకు పీకుతున్నావు?"

రాయిస్ స్పానరు చేతిలో ఇటూ అటూ తిప్పాడు. "ఆగస్టులో ఇక్కడ రేవెన్స్ కెప్టెన్ వ్యాను చెడిపోయి, ఫోను చేసుకోవడానికి మీ తలుపు కొట్టాడు. గుర్తుందా? జోరున వాన. మీరు ఫోను కిటికీలోంచి అందించారు."

"గొడుగు కూడా ఇచ్చాను."

"గొడుగిచ్చారు. గుమ్మం దాటనివ్వలేదు. ఇప్పుడు నేనూ కాకినే. అడిగి లేదనిపించుకోవడం కంటే అడక్కుండా పోవడం మేలనుకున్నాను."

ఈనిడ్ గిన్నె ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో నిలబడి, చెక్కిన బంగాళాదుంపలు లెక్కపెట్టుకుంది. ఒక మనిషికి కావలసినవి మూడు. గిన్నెలో ఏడున్నాయి. కస్టర్డ్ లెక్క ఎన్నడూ తప్పని మనిషి. కాసేపు వాటి వంక చూసి, అన్నీ పొయ్యి మీద పెట్టింది.

కుర్చీ వీపు మీద ఆ నల్లకాకి బట్ట ఎండిపోయిన మట్టితో అట్టలా వేళ్ళాడుతోంది. ఆమె రెండుసార్లు దాన్ని దాటుకుని వెళ్ళింది. మూడోసారి దాటలేకపోయింది. తొట్టిలో వేసి, సబ్బు రాసి, మోచేతుల దాకా చేతులు ముంచి రుద్దింది. నీళ్ళు ఎర్రగా తిరిగాయి. అంచు దగ్గర ఎవడో కుట్టిన కుట్లు ఊడిపోతుంటే చూసి, "ఉత్తరాది సూది," అని గొణుక్కుంది.

భోజనానికి పిలిస్తే రాయిస్ వచ్చి, తొట్టి వంక చూసి ఆగిపోయాడు.

"ఏం చూస్తున్నావు? ఎవడిదైనా మురికి మురికే," అంది. "కూర్చో. మూడు సంగతులు చెబుతాను, విను. ఆ గుడ్డ నా పెరట్లో తాడు మీద ఆరెయ్యడానికి వీల్లేదు. ఓరిన్ పాస్క్ చూశాడంటే నాకు చేప పుట్టదు. లోపల ఆరేసుకోవాలి."

"అలాగేనండీ."

"నువ్వు ఇక్కడికి మ్యాచికొచ్చిన రోజు వేరే రోడ్డు మీంచి రావాలి. నా గుమ్మంలోంచి కాకి బట్టతో బయల్దేరడం నలుగురూ చూడకూడదు."

"అలాగే. మూడోది?"

"ఆ రోజు నిన్ను చూసి 'ఛీ' కొడతాను."

"గట్టిగానా?"

"ఊరందరికంటే గట్టిగా."

రాయిస్ ఆలోచించాడు. "టెర్రీతో తోలితే కూడానా?"

"టెర్రీని దాటావంటే భోజనం కూడా ఉండదు." కంచం అతని ముందు పెట్టింది. నాలుగు బంగాళాదుంపలు, ఓరిన్ పాస్క్ కొట్టులో ఆ రోజు కొన్న చేప. "ఇక క్లబ్బు డబ్బు ఇవ్వదు, నీ అద్దె నువ్వే ఇచ్చుకోవాలి. ఆ మేకులు తిన్నాక మళ్ళీ కొట్టుకో. ఎనిమిదింటి తర్వాత సుత్తి చప్పుడు వినబడకూడదు."

అతను తిన్నాడు. ఏడున్నరకల్లా స్పానర్లన్నీ గోడ మీదికి చేరాయి. రెండు రోజుల అలసట ఒక్కసారి మీదపడి, కుర్చీలోనే నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఈనిడ్ లేపలేదు. పొయ్యి ఆర్పి, తను ఉతికిన గుడ్డను అతను తనకు తెలిసిన పద్ధతిలో తలుపు పిడికి తగిలించి ఉండడం చూసింది. నీళ్ళు నేల మీదికి చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. దాన్ని తీసి, పిండి, ముడతలు పోయేలా రెండు చేతులతో లాగి, వేడినీళ్ళ గొట్టం పక్కనున్న అల్మరాలో, తన దిండు గలీబులకూ స్వెట్టరుకూ మధ్య అరలో పరిచింది. కాకి ముక్కు పైకి ఉంది. ఒక క్షణం ఆలోచించి, పొద్దుటికి రెండువైపులా సమంగా ఆరాలి కదా అని బట్టను తిరగేసి, మూలలు సర్దింది. తర్వాత కుర్చీ వైపు ఒకసారి చూసి, గడియ చప్పుడు కాకుండా బొటనవేలు అడ్డం పెట్టి, అల్మరా తలుపు మెల్లగా మూసింది.